హథ్‌ఖోజ్ షెడ్డు నుంచి పార్లమెంటు కమిటీ దాకా

భిలాయ్ ఉక్కు కర్మాగారానికి సమీపాన గల హథ్‌ఖోజ్ భారీ పారిశ్రామిక ప్రాంతంలోని చిన్న యూనిట్ల యజమానులకు చట్టసభ చాలా దూరపు విషయంగానే తోస్తుంది. అయితే వారి ఆర్డరు, బిల్లు చెల్లింపు, ఫ్యాక్టరీ ముందున్న రోడ్డు, ఈ మూడింటిపైనా చట్టసభకు నిఘా అధికారం ఉంది. ఆ అధికారం ప్రధానంగా అమలయ్యేది సభామందిరంలో కాదు, కమిటీ గదుల్లో.

చిన్న పరిశ్రమల రక్షణకు నిబంధనలు లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో కనీసం 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి జరపాలని విధానం నిర్దేశిస్తున్నది. 2006 నాటి చట్టం ప్రకారం ఈ సంస్థలకు చెల్లింపు 45 రోజులు దాటరాదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలవారీ చక్రవడ్డీతో చెల్లించవలసి ఉంటుంది. అయితే ఇవి అమలవుతున్నాయో లేదో చూసేదెవరన్నదే ప్రశ్న.

భిలాయ్ కర్మాగారం ‘సెయిల్’లో భాగం, అంటే కేంద్ర సంస్థ. దాని పనితీరును పరిశీలించే అధికారం 1964లో ఏర్పడిన పార్లమెంటు ప్రభుత్వ రంగ సంస్థల కమిటీకి ఉంది. ఇందులో లోక్‌సభ నుంచి 15 మంది, రాజ్యసభ నుంచి ఏడుగురు సభ్యులుంటారు. మంత్రులు సభ్యులుగా ఉండరాదు. పారిశ్రామిక స్థలాలను అభివృద్ధి చేసే ఛత్తీస్‌గఢ్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ మాత్రం రాష్ట్రానిది. దానిని ప్రశ్నించవలసింది రాయ్‌పూర్‌లోని శాసనసభ కమిటీ. ఈ తేడా తెలియక రోడ్డు సమస్యను ఢిల్లీకి, కొనుగోలు సమస్యను రాయ్‌పూర్‌కు మోసుకుపోతే కాలహరణమే మిగులుతుంది.

కమిటీ పనితీరు ఆసక్తికరమైనది. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదికలను పరిశీలించి, సంస్థకు ప్రశ్నావళి పంపి, ఉన్నతాధికారులను పిలిపించి వాంగ్మూలం తీసుకుంటుంది. సమావేశాలు ఆంతరంగికంగా జరుగుతాయి. ప్రజల ముందు పార్టీ వాదన వినిపించవలసిన ఒత్తిడి లేనందున, విపక్ష, స్వపక్ష భేదం కొంత తగ్గి లెక్కలు మాట్లాడతాయి. నివేదికపై తీసుకున్న చర్యలను ప్రభుత్వం సాధారణంగా ఆరు నెలల్లో తెలియజేయాలి. ఆ జవాబు సంతృప్తికరంగా లేకపోతే కమిటీ మరో నివేదికలో ఆ మాటే రాస్తుంది.

దీనికి తోడు 1993లో 17 శాఖాపరమైన స్థాయీ సంఘాలు ఏర్పడ్డాయి. 2004లో వాటి సంఖ్య 24కు పెరిగింది. ఉక్కు శాఖ గ్రాంట్ల డిమాండ్లను సంబంధిత సంఘం పద్దుల వారీగా పరిశీలిస్తుంది. సభలో సమయం చాలక అనేక డిమాండ్లు చర్చ లేకుండానే, ‘గిలెటిన్’ పద్ధతిలో, ఓటుకు వెళ్లిపోతాయి. అటువంటి శాఖల ఖర్చుకు ఈ సంఘం పరిశీలనే దిక్కు. విశాఖ ఉక్కు కర్మాగారం కూడా ఇదే శాఖ కిందిది కావడం తెలుగు పాఠకులకు గమనార్హం.

పరిమితులూ ఉన్నాయి. ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ దైనందిన పాలనలో జోక్యం చేసుకోదు. ఒక యూనిట్‌కు రావలసిన ఒక బిల్లును అది ఇప్పించలేదు. అందుకు రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌ను ఆశ్రయించవలసిందే. అదే ఆలస్యం అనేక యూనిట్లకు, ఏటా, ఒకే పద్ధతిలో జరుగుతుంటే మాత్రం అది కమిటీ అడగదగిన ప్రశ్న అవుతుంది. కనుక విడివిడి ఫిర్యాదుల కన్నా ఆర్డరు తేదీ, సరుకు అంగీకరించిన తేదీ, చెల్లింపు తేదీలతో పరిశ్రమల సంఘాలు సిద్ధం చేసే పట్టికకే విలువ ఎక్కువ. దానిని కమిటీ సభ్యుడైన ఎంపీకి అందజేయడం అసాధ్యమేమీ కాదు.

కమిటీల సిఫారసులు ప్రభుత్వాన్ని కట్టడి చేయవు. పైగా బిల్లులను వాటికి నివేదించే ఆనవాయితీ సన్నగిల్లింది. 15వ లోక్‌సభ కాలంలో 71 శాతం బిల్లులు కమిటీల పరిశీలనకు వెళ్లగా, 2019-24 మధ్య 17వ లోక్‌సభలో అది 16 శాతానికి పడిపోయింది. పరిశీలన తగ్గినప్పుడు చట్టంలోని లోపం ఢిల్లీలో కాక, హథ్‌ఖోజ్ వంటి చోట్ల అప్పుతో నడిచే షెడ్లలో బయటపడుతుంది. అప్పుడు దాని ఖరీదు చెల్లించేది చట్టం చేసినవారు కాదు.