విజ్ఞాన సర్వస్వమునకు సాక్ష్యము



కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును ఆరంభించి, అకారము దాటకుండగనే 1923లో పరమపదించిరి. ఒక్క మహాపురుషునికి ఆయువు చాలని ఆ పనిని నేడు ఊరు పేరు తెలియని పలువురు తలయొక కొంత చేయుచున్నారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను గూర్చి చెప్పుచున్నాను. అందులో ఎవరైనను వ్రాయవచ్చును. ఒకరు వ్రాసినదానిని మరియొకరు దిద్దవచ్చును. ఈ రెండవ మాటయే మనబోటి పెద్దలకు మింగుడుపడదు.

రేపల్లె ప్రాంతపు పల్లెనుండి, ఉద్యోగము విరమించిన ఉపాధ్యాయులొకరు తెనాలిలో మాయింటికి వచ్చిరి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో తమ యూర మరణించినవారి సంఖ్యను ఆయన తమ గ్రామపుటలో చేర్చిరట. మరునాడు ఆ వాక్యము ప్రక్కన 'ఆధారం చూపాలి' యను గుర్తు కనబడెను. కోపము వచ్చి తామే ఆ వాక్యమును తుడిచివేసిరి. "ఆ శవములను మోసినవాడను నేను. నాకంటె వేరే ఆధారమేమి కావలెనయ్యా?" అని నన్నడిగిరి. నాకు వెంటనే బదులు తోచలేదు.

కొంత తడవునకు ఇట్లంటిని: "మాస్టరుగారూ, పూర్వము పొలము సరిహద్దు తగవు వచ్చినపుడు కరణముగారు ఎంత సత్యవంతులైనను దస్త్రము తెచ్చి చూపుమనెడివారముగదా. అది వారిని అవమానించుట కాదు. మీరెవరో ఈ పుట చదువు పరదేశమువానికి తెలియదు. మీరును నేనును పోయిన పిమ్మట గూడ వాడు తానై తెరచి చూడదగినది ఒకటి ఉండవలెను."

అట్టివి ఏవియనగా: అచ్చుపడిన గ్రంథములు, తేదీగల పత్రికలు, ప్రభుత్వ నివేదికలు, జనాభా లెక్కలు. 1913లో బాపట్లలో జరిగిన ప్రథమాంధ్ర మహాసభనుగాని, 1942 ఆగస్టు 12న తెనాలిలో జరిగిన పోలీసు కాల్పులనుగాని వ్రాయువానికి ఇట్టి ఆధారములు దొరకును. వికీపీడియానే చూచి వ్రాసిన వ్యాసమును మరల దానికే ఆధారముగా తెచ్చుట మాత్రము, తన నీడను తానే సాక్షికి పిలుచుట.

ఇరువురమును బండియెక్కి, బాపట్ల, చీరాల దాటి వేటపాలెము చేరితిమి. 1918లో స్థాపింపబడిన సారస్వత నికేతనమున పాత పత్రికలు సంపుటములుగా కట్టి దాచియున్నారు. నాటి వారపు కాగితములను తిరుగవేయుచు మాస్టరుగారు నడుమ నడుమ చేయి నిలిపి ఊరక కూర్చుండిరి, నేను పలుకరింపలేదు. సంఖ్య యొకటి దొరికెను. కాని అది రేపల్లె తాలూకా మొత్తమునకు చెప్పినది, వారి గ్రామమునకు కాదు.

ఇంటికి వచ్చి, మొదట 'ప్రయోగశాల' యను చిత్తు పుటలో వ్రాసి చూచుకొంటిమి. వాక్యము తుదను ఉల్లేఖనము చేర్చు బొత్తాము నొక్కి, పత్రిక పేరు, శీర్షిక, తేదీ, పుటసంఖ్య నింపవలెను. పుటసంఖ్య వ్రాసికొనుట మరచితిమి! దానికొరకై మరల వేటపాలెము పోవలసివచ్చెను. పత్రిక తేదీ వేరు, సంఘటన తేదీ వేరు. ఇచ్చట తడబడువారు పెక్కుమంది. పత్రికలోని వాక్యములను ఎత్తి వ్రాయరాదు. మనదేశమున గ్రంథకర్త మరణించిన పిమ్మట 60 సంవత్సరముల వరకు హక్కు నిలుచును గనుక, విషయము గ్రహించి సొంతమాటలలో చెప్పవలెను.

తాలూకా సంఖ్య ఇప్పుడు ఆధారముతో పుటలో నున్నది. గ్రామపు సంఖ్య లేదు. దానిని మాస్టరుగారు పుట వెనుకనుండు చర్చాపుటలో, "నేను చూచినది యింత, అచ్చులో దొరకలేదు" అని చేవ్రాలుతో వ్రాసిరి. పదిమందిని అడుగదలచువారికి 'రచ్చబండ' యని వేరొక చోటు గలదు. ఆ పేరు పెట్టినవారెవరో పల్లెటూరివారే అయియుందురు. అందును అడిగితిమి. బాపట్లవారొకరు, నాటి సహాయ కార్యక్రమముల నివేదిక యేదైన దొరకునేమో వెదకెదనని బదులిచ్చిరి.

మాస్టరుగారు ప్రతియుదయమును కాఫీ త్రాగకమునుపే ఆ పుట తెరచి చూచుచున్నారు.