తేడాలు మాత్రమే దాచే ఫైలు

మా సీక్వెన్సింగ్ యంత్రం డీఎన్‌ఏను ఏకబిగిన చదవదు. దాదాపు 150 అక్షరాల చొప్పున కోట్ల ముక్కలు చదివి, ఒక్కో అక్షరాన్ని ఎంతవరకు నమ్మవచ్చో కూడా పక్కనే రాస్తుంది. మనిషి జీనోములో సుమారు 300 కోట్ల అక్షరాలు. ఒక్కోదాన్నీ సగటున 30 సార్లు చదివిస్తాం. డిస్కులు నిండక ఏమవుతాయి!

ఈ ముక్కల్ని సంభాళించడానికి 2009లో హెంగ్ లీ బృందం ప్రకటించిన శామ్‌టూల్స్ అనే సాఫ్ట్‌వేర్ అంటే నాకు ప్రాణం. ముక్కల్ని వరసలో పెట్టి, సూచిక కట్టి, కావలసిన జన్యువు దగ్గరికి క్షణాల్లో తీసుకెళ్తుంది.

ఇంగ్లండులోని హింక్స్‌టన్‌లో, యూరోపియన్ బయోఇన్ఫర్మాటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లో రూపుదిద్దుకున్న క్రామ్ అనే ఫైలు రూపం డిస్కు చోటు విషయంలో పొదుపరి. ప్రామాణిక జీనోముతో పోల్చి, అక్షరాల్లో తేడాలు మాత్రమే దాస్తుంది. ఆ ప్రామాణిక ప్రతి పోతే మాత్రం ముక్కల్ని తిరిగి రాబట్టలేం. అందుకే ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలతో ముందుగా ఆ ప్రతినే భద్రం చేయిస్తాను.