ఎఱ్ఱసముద్ర తీరమున ఆరోగ్యరక్షణ

ఈజిప్టు దేశపు ఈశాన్యభాగమున సినాయి ద్వీపకల్పము కలదు. దానికి ఒక ప్రక్క సూయజ్ సింధుశాఖ, మఱియొక ప్రక్క అకాబా సింధుశాఖ. ఈ రెండును ఎఱ్ఱసముద్రమున కలియు తావునకు చేరువగా షరమ్ అల్ షేక్ అను పట్టణము వెలసినది. ఒకప్పుడది చేపలు పట్టువారి చిన్నపల్లె. 1967వ సంవత్సరపు యుద్ధమున ఇజ్రాయెలు వశమై, 1982లో తిరిగి ఈజిప్టునకు దక్కెను. అటుపిమ్మట గొప్ప విహారస్థలముగా పెరిగెను. వెనుక వట్టి కొండలు, ముందు నీలికడలి, నీటియడుగున రంగురంగుల పగడపు దిబ్బలు. ఈ దిబ్బలను కాపాడుటకై సమీపమందలి రాస్ మొహమ్మద్ ప్రాంతమును 1983లో రక్షితప్రాంతముగా ప్రకటించిరి. ఈ సొగసును చూచుటకు చలిదేశములనుండి జనులు వేలకొలదిగా వచ్చుచుందురు.

వీరిలో పలువురు వారము దినములు మాత్రమే అచట నుందురు. చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది. మానవదేహము క్రొత్త వేడిమికి అలవాటుపడుటకు ఒకటి రెండు వారములు పట్టును. అలవాటుపడిన దేహము త్వరగా చెమర్చును. ఆ చెమటలో ఉప్పు తక్కువగా పోవును. కాని ఈ మార్పు పూర్తికాకమునుపే యాత్రికుని సెలవు ముగిసిపోవును. కావున దేహము నేర్వని జాగ్రత్తను బుద్ధియే నేర్వవలెను.

వేడిమినుండి దేహమును కాపాడునది చెమట. ఒక లీటరు చెమట చర్మముపై ఆవిరియగునపుడు సుమారు 580 కిలోకాలరీల వేడిని కొనిపోవును. మచిలీపట్టణము వంటి తేమగల తీరములందు చెమట ఆఱదు. ఒడలు తడిసి, ఉక్కపోసి, మనుష్యుడు వెంటనే నీడకు చేరును. ఎడారిగాలి అట్టిది కాదు. అది మిక్కిలి పొడిగా నుండుటచే చెమట పుట్టినవెంటనే ఆవిరియైపోవును. చొక్కా తడియదు, నుదుట బిందువైనను నిలువదు. తనకు చెమటయే పట్టలేదని యాత్రికుడు భ్రమపడును. ఇంతలో దేహమందలి నీరు తఱిగిపోవుచుండును. దప్పికయొక్కటే నమ్మదగిన గుర్తు కాదు. మూత్రము ముదురు పసుపురంగుగా నున్నచో నీరు చాలలేదని గ్రహించి, పలుమాఱులు కొంచెము కొంచెముగా త్రాగుచుండవలెను.

ఆ ఎడారిలో తరతరములుగా నివసించు బెదూయిన్ జాతివారు నిండైన వదులు అంగీలు ధరింతురు. వారిలో కొందఱు నల్లని అంగీలు తొడుగుట చూచి పరదేశీయులు ఆశ్చర్యపడుదురు. 1980లో ప్రకటింపబడిన ఒక పరిశోధన ఈ సందేహమును తీర్చెను. తెల్లని అంగీ తొడిగినను, నల్లని అంగీ తొడిగినను దేహమును చేరు వేడి సమానమే అని తేలెను. నల్లని బట్ట ఎండను ఎక్కువగా పీల్చుమాట నిజమే; కాని బట్టకును ఒంటికిని నడుమ ఆడు గాలి ఆ అధికమైన వేడిని చర్మము చేరకమునుపే కొనిపోవును. బట్టలు విప్పి ఎండలో తిరుగుటకంటె వదులైన బట్టలతో ఒడలు కప్పుకొనుటయే మేలని దీనివలన తెలియుచున్నది.

నీటిలో నున్నవారికి ఎండ తగులదనుకొనుట మఱియొక పొరపాటు. కంటికి కనబడని అతినీలలోహిత కిరణములు నీటిలోనికిని చొచ్చుకొనిపోవును. నీటి చల్లదనముచే మంట తెలియదు. పగడములను చూచుటకై ముఖము నీట నుంచి ఈదువాని వీపు కమలిపోవును. ఆ సంగతి సాయంకాలమునకు గాని తెలియదు. కావున మధ్యాహ్నవేళ ఈత మానుట, చేతులుగల చొక్కాతో ఈదుట మంచిది. పగడములపై కాలు మోపరాదు. అవి విఱుగుటయే గాక, వాటివలని గాయములు త్వరగా చీము పట్టును. రాతిచేప అను విషపుచేప అచ్చముగా రాతివలె పడియుండును. దాని ముల్లు గ్రుచ్చుకొనినచో ఓర్చుకొనదగినంత వేడినీటిలో కాలుంచి, వెంటనే వైద్యుని చేరవలెను. ఆ విషము మాంసకృత్తు గావున వేడికి చెడిపోవును, బాధ తగ్గును.

యాత్రికులను తఱచుగా బాధించునది అతిసారము. గంటలకొలది గోరువెచ్చగా నుంచిన వంటకములు, కడుగని పచ్చికూరలు, శుభ్రముకాని నీటితో చేసిన మంచుముక్కలు దీనికి మూలములు. పొగలు గ్రక్కు వంటకమును, స్వయముగా ఒలిచిన పండును, మూత విప్పని సీసానీటిని మాత్రమే స్వీకరింపవలెను. వ్యాధి సోకినచో ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆఱు చిన్నచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలిపి త్రాగవలెను. చెంచాలు తలకొట్టి కొలువవలెను. ఉప్పు ఎక్కువైన హాని కలుగును. చక్కెర తోడైనపుడు ఉప్పు ప్రేవులనుండి రక్తములోనికి సులభముగా చేరును. ఉప్పు వెంట నీరును చేరును.

ఈ పానీయపు మహిమను లోకమునకు చాటినవారిలో డాక్టరు దిలీప్ మహలనబీస్ ఒకరు. 1971లో తూర్పు బెంగాలునుండి వచ్చిన శరణార్థుల శిబిరమున కలరా చెలరేగెను. నరములకెక్కించు ద్రవము చాలకపోగా ఆయన ఈ పానీయమును పీపాలలో నింపి రోగులకు త్రాగించెను. నూటికి సుమారు 30గా నున్న మరణములు ఆయన చికిత్సపొందినవారిలో 4కు లోపునకు తగ్గెను.

అన్నిటికంటె భయంకరమైనది వడదెబ్బ. దేహతాపము 40 డిగ్రీలు దాటును, మాట తడబడును, స్పృహ తప్పును. అట్టివానిని నీడకు చేర్చి, నీటితో తడిపి, విసరుచు, వైద్యునికై కబురుపంపవలెను. స్పృహలేనివాని నోట నీరు పోయరాదు.

బెదూయినులు మిట్టమధ్యాహ్నము నీడన విశ్రమింతురు. ఎండకు వెఱచి కాదు, ఎండను ఎఱిగి. యాత్రికుడును ఆ ఎఱుకతో మెలగినచో ఎడారి వానికి హాని చేయదు.