జడ్జిగారిని ఏమని పిలవాలి?

బందరులో ప్లీడరు గుమాస్తాగా పనిచేస్తున్న నన్ను, సాక్ష్యం చెప్పడానికి వచ్చినవాళ్లు కేసు సంగతి పక్కనపెట్టి ముందు అడిగేది ఒకటే: "గుమాస్తాగారూ, జడ్జిగారిని ఏమనాలండీ?" సినిమాలు చూసి ఇంటి దగ్గర "మిలార్డ్" అని సాధన చేసి వచ్చేవాళ్లూ ఉన్నారు. మా జిల్లా కోర్టులో అంత శ్రమ అక్కర్లేదు. "సార్" అంటే చాలు. ఆవిడ జడ్జి అయితే "మేడమ్". అదీ నోరు తిరగకపోతే "అయ్యా", "అమ్మా" అనండి, ఎవరూ తప్పుపట్టరు.

ఇది నా సొంత తీర్పు కాదు. కింది కోర్టుల్లో "సార్" అనవచ్చు, లేదా ప్రాంతీయ భాషలో దానికి సరిపోయే మాట వాడవచ్చు అని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2006లోనే నియమం పెట్టింది. హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు "యువర్ ఆనర్" గానీ "ఆనరబుల్ కోర్ట్" గానీ అంది. "మై లార్డ్" తెల్లదొరల కాలం నాటి మిగులు అని కింద వివరణ కూడా రాసింది. నియమం ప్లీడర్లకు రాసిందే. వాళ్లకే "సార్" సరిపోయినప్పుడు కక్షిదారుడికి అంతకన్నా బరువైన పిలుపు ఎందుకు?

పైకోర్టుల్లో మాత్రం అలవాటు నియమం మాట వినదు. జడ్జిని ఫలానా విధంగానే పిలవాలన్న నిర్బంధం లేదు, మర్యాదగా ఉంటే చాలని 2014లో జస్టిస్ దత్తు, జస్టిస్ బోబ్డేల ధర్మాసనం అంది. అదే బోబ్డేగారు ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా, 2021లో ఒక లా విద్యార్థి "యువర్ ఆనర్" అంటే, నీ మనసులో ఉన్నది అమెరికా సుప్రీంకోర్టా, మేజిస్ట్రేటు కోర్టా అని నిలదీశారు. పాపం, ఆ కుర్రాడు పుస్తకంలో ఉన్నదే అన్నాడు! మన హైదరాబాదులో చదువుకున్న జస్టిస్ పి.ఎస్. నరసింహగారిది మరో దారి. మాటమాటకూ "మై లార్డ్స్" అంటున్న సీనియర్ వకీలుతో 2023లో ఆయన, అది మానేస్తే నా జీతంలో సగం ఇస్తానన్నారు.

నన్నడిగితే పిలుపు కన్నా నడత ముఖ్యం. పేరు పిలవగానే "ఉన్నానండీ" అని ముందుకు వెళ్లి దణ్ణం పెట్టండి. గీత మీద చెయ్యి వేయించడం సినిమా తంతు. ఇక్కడ ప్రమాణం నోటితో చేయిస్తారు, అంతే. ప్రశ్న వేసేది ఎదుటి ప్లీడరే అయినా జవాబు జడ్జిగారికి వినపడాలి. అందుకని అటు తిరిగి, నిదానంగా చెప్పాలి. చెప్పింది టైపు అయ్యేదాకా ఆగాలి. తల ఊపితే రికార్డుకెక్కదు, అవుననో కాదనో నోటితో అనండి. ప్రశ్న బోధపడకపోతే "అర్థం కాలేదు సార్" అనడంలో నామోషీ ఏమీ లేదు. తెలియనిది తెలియదనే చెప్పండి. రెచ్చగొట్టే ప్రశ్నకు కోపం వచ్చి "నువ్వెవరయ్యా నన్నడగడానికి?" అని ప్లీడరు మీద లేచారో, అంతవరకూ వందసార్లు అన్న "సార్" అంతా గంగపాలే. జడ్జిగారు మాట్లాడుతుంటే మధ్యలో అందుకోవద్దు. సెల్లు కట్టేసి, నోట్లో కిళ్లీ ఉంటే బయటే ఉమ్మేసి రండి.

ఇంకొక్క మాట. కొందరు పెద్దవాళ్లు, మర్యాద అనుకుని, కేసు నడుస్తుండగా జడ్జిగారి ఇంటికెళ్లి ఓ నమస్కారం పెట్టి వస్తామంటారు. ఆ పని మాత్రం చేయకండి. చెప్పుకోవాల్సింది ఏదైనా ఉంటే మీ ప్లీడరు చేత పిటిషన్ వేయించండి. ప్లీడరు లేకపోతే మీరే కోర్టు హాల్లో నిలబడి, అవతలి పక్షం కూడా వింటుండగా చెప్పుకోండి.