సెట్టు నిలిచింది... శిల కూలింది! - కారులో మాల్టా సముద్రతీరాలు

తెరమీద కనిపించే సముద్రమంతా నిజంగా సముద్రమేనా? ఈ అనుమానం ఎప్పుడైనా వచ్చిందా మీకు? వచ్చి ఉంటే, దానికి జవాబు మాల్టాలో దొరుకుతుంది!

ఇటలీవారి సిసిలీ ద్వీపానికి దక్షిణాన, సుమారు 90 కిలోమీటర్ల దూరంలో మధ్యధరా సముద్రం నడుమ ఉన్న బుల్లి దేశం మాల్టా. మాల్టా, గోజో, కొమినో మూడు దీవులూ కలిపితే 316 చదరపు కిలోమీటర్లు. పెద్ద దీవి ఈ చివరినుంచి ఆ చివరికి 27 కిలోమీటర్లే. అంత చిన్న నేలమీద హాలీవుడ్‌వాళ్లు ఎన్ని దేశాలను సృష్టించారో! 'మిడ్‌నైట్ ఎక్స్‌ప్రెస్' (1978)లో ఇస్తాంబుల్ జైలు ఇక్కడి కోటే. 'గ్లాడియేటర్' (2000)కి రోమ్ నగరాన్నీ, 'ట్రాయ్' (2004)కి ట్రాయ్ ప్రాకారాల్నీ ఇక్కడే నిలబెట్టారు. మన ఆమిర్‌ఖాన్, అమితాబ్ నటించిన 'థగ్స్ ఆఫ్ హిందోస్థాన్' (2018) ఓడలు కూడా ఈ నీళ్లమీదే తేలాయి.

ఈ తీరాలు చూడటానికి కారే మేలు. పైగా మనవాళ్లకి అది సులువు కూడా. 1964లో స్వాతంత్ర్యం వచ్చేదాకా బ్రిటిష్ పాలనలో ఉన్న దేశం కనుక అక్కడా ఎడమవైపు డ్రైవింగే, స్టీరింగు కుడివైపే. రైలు మాటే లేదు. ఉన్న ఒక్క రైలుమార్గమూ 1931లో మూతపడింది. మరీ సంబరపడకండి! రోడ్లు ఇరుకు, రెండు పక్కలా రాళ్లు పేర్చిన గోడలు, వేసవిలో విపరీతమైన రద్దీ. చిన్న కారు తీసుకోవడం తెలివైన పని. పొద్దున్నే బయలుదేరితే పార్కింగుకి చోటు దొరుకుతుంది.

ఇంకో చిట్కా - గాలిని చూసి తీరాన్ని ఎంచుకోండి. వాయవ్యం నుంచి వీచే గాలిని అక్కడివాళ్లు 'మయ్యిస్త్రాల్' అంటారు. అది గట్టిగా వీచినరోజు పడమటి తీరంలో అలలు ఎగిరిపడతాయి. అప్పుడు కారు తిప్పుకుని ఆగ్నేయాన ఉన్న మార్సాష్లోక్ పల్లెకి పోవచ్చు. ఎరుపు, పసుపు, నీలం రంగులు పూసి, ముందుభాగాన రెండు కళ్లు దిద్దిన చేపలపడవలు అక్కడ వరసగా కట్టేసి ఉంటాయి.

తొట్టిలో సముద్రం

రాజధాని వలెట్టాకి రేవు అవతల కల్కారా అనే ఊరుంది. సముద్రపు ఒడ్డునే అక్కడ 1964లో షూటింగుల కోసం పెద్ద నీళ్లతొట్టి కట్టారు. నీటిని అంచుదాకా నింపితే తొట్టిలోని నీళ్లు ఎక్కడ ఆగాయో, అసలు సముద్రం ఎక్కడ మొదలైందో కెమెరా కంటికి తెలియదు. ఓడలు మునిగేదీ, తుఫానులు లేచేదీ ఇక్కడే! 'రేజ్ ది టైటానిక్' (1980) కోసం దాని పక్కనే లోతైన తొట్టి ఇంకొకటి కట్టారు. ఆ సినిమాకి చేసిన 55 అడుగుల టైటానిక్ నమూనా షూటింగు అయ్యాక ఏళ్లతరబడి అక్కడే తుప్పుపట్టిపోయింది.

ఇక అసలు సముద్రం చూద్దాం. మాల్టా తీరం చాలామటుకు సున్నపురాతి కొండచరియలే. ఇసుక ఉన్న తీరాలు కొద్ది. వాయవ్యాన గోల్డెన్ బే, దాని పక్కనే ఆయిన్ తుఫీహా. మొదటిదానికి కారు దగ్గరదాకా పోతుంది, అందుకే జనమూ అక్కడే. రెండోదానికి కారు పైన ఆపి చాలా మెట్లు దిగాలి. గట్టుమీద 1637లో కట్టిన కావలి బురుజు, కింద నీలిబూడిద రంగు బంకమట్టి వాలు, దాని పాదాల దగ్గర ఎర్రటి ఇసుక. సాయంత్రం పూట చూస్తే మన కెమెరామెన్ ఎవరైనా ఆ మెట్లమీదే స్టాండు వేసేస్తారు! అయితే ఇక్కడి నీటికి లోపలికి లాగే గుణం ఉంది. ఎర్రజెండా ఎగురుతుంటే నీళ్లలో కాలు పెట్టకండి.

ఏడు నెలల ఊరు

అక్కడినుంచి ఇంకా పైకి పోతే మెల్లీహా. దీవిలోకెల్లా పొడవైన ఇసుకతీరం ఇదే. నీళ్లు చాలాదూరం నడుం లోతే ఉంటాయి కనుక పిల్లలున్నవాళ్లు ఇక్కడ దిగుతారు. ఆ దగ్గర్లోనే, రెండో వైపు తీరంలో యాంకర్ బే ఉంది. మలుపు తిరగగానే కొండకింద ఒక చెక్కల ఊరు ప్రత్యక్షమవుతుంది. వంకరటింకర ఇళ్లు, వాలిన కప్పులు... రాబర్ట్ ఆల్ట్‌మన్ తీసిన 'పొపాయ్' (1980) సెట్టు అది. రాబిన్ విలియమ్స్ హీరోగా వేసిన తొలి చిత్రాల్లో ఒకటి. 1979 జూన్‌లో మొదలుపెట్టి 165 మంది పనివాళ్లు ఏడు నెలలపాటు కట్టారట! దుంగలు హాలెండు నుంచి, పైకప్పు పలకలు కెనడా నుంచి తెప్పించారు. అలలు సెట్టుని ఎత్తుకుపోకుండా సముద్రానికి అడ్డంగా గోడ కూడా వేశారు.

సినిమా అయిపోగానే మామూలుగా సెట్టు విప్పేస్తారు కదూ? దీన్ని విప్పలేదు. టిక్కెట్టు పెట్టి చూపించడం మొదలుపెట్టారు. రంగులు వేస్తూ, చెక్కలు మారుస్తూ నేటికీ నిలబెట్టారు.

లేని కిటికీ

మెల్లీహా దాటాక రోడ్డు చిర్‌కెవ్వా రేవులో ముగుస్తుంది. కారుతో సహా ఓడెక్కితే సుమారు 25 నిమిషాల్లో గోజో. టిక్కెట్టు తిరుగు ప్రయాణంలోనే! దారిలో కనిపించేది కొమినో. అక్కడి 'బ్లూ లగూన్' నీళ్లు గాజులా ఉంటాయి. చూడాలంటే కారు ఒడ్డున వదిలి పడవ ఎక్కాలి. జనం తాకిడి భరించలేక 2025 వేసవి నుంచి ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోమన్నారు.

గోజోలో రమ్లా తీరానికి ఎర్ర ఇసుకే పేరు తెచ్చింది. 'హమ్రా' అంటే వాళ్ల భాషలో ఎరుపు. మన భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు గుర్తొస్తే ఆశ్చర్యం లేదు. గ్రీకు కథానాయకుడు ఒడిస్యూస్‌ని కాలిప్సో అనే సుందరి ఏడేళ్లు దాచిన గుహ ఇక్కడి కొండమీదిదేనని ఒక నమ్మకం.

చివరగా పడమటి కొసన ద్వేరా. ఒకప్పుడు సముద్రంలోకి కాలు పెట్టినట్టు ఒక రాతితోరణం ఇక్కడ నిలబడి ఉండేది. ఎత్తు 28 మీటర్లు. పేరు 'అజూర్ విండో', అంటే నీలాల కిటికీ. 'క్లాష్ ఆఫ్ ది టైటన్స్' (1981), 'ది కౌంట్ ఆఫ్ మాంటె క్రిస్టో' (2002), 2011లో 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' మొదటి భాగంలో పెళ్లి ఘట్టం - ఎన్నింటిలో నటించిందో! ఆ పెళ్లి షూటింగుకే 2010లో కింది బండమీద ఇసుక పోసి పాడుచేశారని పెద్ద గొడవ జరిగింది. ఎందుకంటే ఆ బండలో లక్షల ఏళ్లనాటి శిలాజాలున్నాయి.

కింద అల కొడుతూనే ఉంది, పైన జనం ఎక్కి దూకుతూనే ఉన్నారు. ఇంకా కొన్ని దశాబ్దాలు ఉంటుందని 2013లో జరిగిన పరిశీలన చెప్పింది. 2016 డిసెంబరులో, ఎక్కితే 1,500 యూరోల జరిమానా అన్నారు. మూడు నెలలైనా గడవలేదు. 2017 మార్చి 8వ తేదీ ఉదయం, తుఫానుగాలిలో తోరణం, దాన్ని మోసిన స్తంభంతో సహా సముద్రంలో కలిసిపోయింది.

జరిమానా ముందే వచ్చినా అల ఆగేది కాదు, నిజమే. కానీ చూడండి... చెక్కతో కట్టిన దొంగ ఊరికి గోడ అడ్డం పెట్టారు, ఏటేటా రంగులేశారు. అది ఉంది. ఎవరూ కట్టని తోరణాన్ని ఉచితంగా వాడుకున్నారు, ఎక్కి తొక్కారు. అది లేదు.

అయినా ద్వేరాకి కార్లు వస్తూనే ఉన్నాయి. మీరూ వెళ్లండి. పక్కనే ఉన్న 'బ్లూ హోల్' నీలిమడుగులో ఈతగాళ్లు దిగుతూ కనిపిస్తారు. కూలిన తోరణం ముక్కలు ఇప్పుడు ఆ నీళ్ల అడుగున ఉన్నాయి. వాటి చుట్టూ చేపలు చేరాయి. గాలిగొట్టం కట్టుకుని లోపలికి దిగగలిగినవాళ్లకి ఆ నటుడి దర్శనం ఇంకా దొరుకుతూనే ఉంది. మిగతావాళ్లం ఒడ్డున నిలబడి, తెరమీద చూసినదాన్ని ఖాళీ ఆకాశంలో ఊహించుకోవలసిందే!