సూదిపోటు: భయం ఒకవైపు, లెక్క మరోవైపు

అనంతపురం జిల్లా వజ్రకరూరు లాంటి ఊరి పీహెచ్‌సీలో ఇంజెక్షను చేసి, సూదికి మళ్లీ క్యాప్ పెట్టబోతుంటే సిస్టరు వేలికి గుచ్చుకుందనుకోండి. ముందు గుండె ఝల్లుమనేది హెచ్‌ఐవీ గురించే. లెక్క మాత్రం వేరే జబ్బును చూపిస్తుంది.

రోగికి హెచ్‌ఐవీ ఉంటే, అలాంటి 1000 పోట్లలో సోకేది దాదాపు 3 సార్లు (0.3 శాతం). హెపటైటిస్ సి 18 అని చాలాకాలం చెప్పారు, కొత్త అంచనాలు 2కు దించాయి. టీకా వేసుకోని నర్సుకు హెపటైటిస్ బి? 60 నుంచి 300.

రోగికి ఏముందో తెలియనప్పుడు ఇంకో గుణింతం చేయాలి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 2021 అంచనా ప్రకారం ఆంధ్రప్రదేశ్ వయోజనుల్లో హెచ్‌ఐవీ 0.67 శాతం, దేశ సగటు 0.21. ఆ లెక్కన లక్ష పోట్లకు 2. హెపటైటిస్ బి వందలో ఒకరికి ఉందనుకుంటే మాత్రం లక్షకు 60 నుంచి 300. వార్డులో జబ్బులు ఊరి సగటుకన్నా ఎక్కువే కాబట్టి ఇది ముతక లెక్కే. అయినా తేడా ఎంతో చూడండి.

చిత్రమేమిటంటే, ఎక్కువ ప్రమాదమున్న ఆ జబ్బుకే టీకా ఉంది. 1997లో హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ షాన్‌వాక్-బి తెచ్చాక అది మనకు అందుబాటు ధరకు వచ్చింది. 0, 1, 6 నెలల్లో మూడు డోసులు. ఆ తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేయించుకుని, మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్లకు తగ్గలేదని చూసుకోవాలి.

హెచ్‌ఐవీకి టీకా లేదు, గుచ్చుకున్నాక సోకకుండా వేసుకునే మందులున్నాయి. వీలైతే 2 గంటల్లోపు, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటలు దాటకుండా మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. పెద్దాసుపత్రి అనంతపురంలో ఉంది. రాత్రి డ్యూటీలో గుచ్చుకుంటే, మొదటి డోసు ఇక్కడి బీరువాలో ఉందా, తాళం ఎవరి దగ్గరుంది అన్నవి ఆ 0.3 శాతం కన్నా పెద్ద ప్రశ్నలని నా అభిప్రాయం.

ఈలోగా సబ్బుతో, నీళ్లతో కడగాలి. వేలు పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, బ్లీచింగ్ పోయకూడదు. అసలు క్యాప్ పెట్టే పనే వద్దు: వాడిన సూది, చిల్లులు పడని తెల్ల డబ్బాలోకే వెళ్లాలని 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి.

తిడతారని దాచేస్తే ఇంకో నష్టం. రిజిస్టరులో రాయించి, వెంటనే రక్తపరీక్ష చేయించుకుని ఉండకపోతే, నెలల తర్వాత బయటపడిన జబ్బు డ్యూటీలోనే అంటిందని చూపడానికి సిస్టరు చేతిలో కాగితం ఉండదు.