స్టీరింగ్ ఎప్పుడు మూలుగుతోంది?

మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో నాకు ఇచ్చిన చోటు రెండు స్తంభాల మధ్య. కారు బయటికి రావాలంటే స్టీరింగ్ పూర్తిగా ఎడమకు కోసి వెనక్కి, పూర్తిగా కుడికి కోసి ముందుకు, మళ్లీ ఒకసారి వెనక్కి. పోయిన డిసెంబరులో ఒక పొద్దున ఈ తతంగం మధ్యలో బానెట్ కింద నుంచి ముసలి గేదె మూలిగినట్టు శబ్దం వచ్చింది. స్టీరింగ్ కూడా బిగదన్నుకుంది. కారుకు పద్దెనిమిదేళ్లు నిండాయి కనక మూలిగే హక్కు దానికుందని ఊరుకున్నాను. వారం తిరిగేసరికి పక్క ఫ్లాట్ల వాళ్లు కూడా అడగడం మొదలుపెట్టారు.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. మెకానిక్ స్టీరింగ్‌ను రెండుసార్లు అటూ ఇటూ తిప్పి, "ర్యాక్ పోయింది సార్, మార్చేద్దాం" అన్నాడు. ర్యాక్ అంటే ముందు చక్రాలను అటూ ఇటూ జరిపే పళ్ల కడ్డీ. ధర విన్నాక, "ఆదివారం తెస్తాలే" అని వచ్చేశాను.

అతను తప్పు చెప్పాడని కాదు. ఏది పోయిందో చెప్పాడు కానీ, ఎప్పుడు మూలుగుతోందని అడగలేదు. జ్వరమని వెళితే మంచి డాక్టరు మందు రాసే ముందు అడిగేది వేళ గురించే: పొద్దునా, సాయంత్రమా, చలితో వస్తోందా, రోజు విడిచి రోజు వస్తోందా? స్టీరింగ్‌కూ అదే పద్ధతి. పొద్దున్నేనా, రోజంతానా? నిలబడి ఉన్నప్పుడే బరువా, పరుగులో కూడానా? ఒక పక్కకేనా, రెండు పక్కలకీనా? ఇంజను రేజ్ చేస్తే తేలికవుతుందా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసుకుంటే సగం రోగం కాగితం మీదే తేలిపోతుంది. నేను రాసుకున్నవి ఇవి: పొద్దున స్టార్టు చేసిన మొదటి ఐదు నిమిషాలు ఎక్కువ. రేజ్ చేస్తే శబ్దం పెరుగుతుంది. ఎడమా కుడీ ఒకటే. బెంజ్ సర్కిల్ దాటి హైవే ఎక్కాక ఏమీ లేనట్టే ఉంటుంది.

ఇవి ఏం చెబుతున్నాయో తెలియాలంటే లోపల జరిగేది కొంచెం చూడాలి.

చిన్న కారులో ఒక్కో ముందు చక్రం మీద పడే బరువు సుమారు 300 కిలోలు. టైరులో గాలి 30 పీఎస్‌ఐ ఉందంటే చదరపు సెంటీమీటరుకు రెండు కిలోల పైచిలుకు. 300ని దానితో భాగిస్తే దాదాపు 140 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. అంటే టైరు నేలను తాకేది అరచెయ్యంత మేర. కారు ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ తిప్పడమంటే ఆ అరచేతిని 300 కిలోల బరువుతో గచ్చు మీద రుద్దడమే. కారు కదులుతుంటే టైరు దొర్లుతూ తిరుగుతుంది కనక ఆ రుద్దుడు ఉండదు. అందుకే పార్కింగ్‌లో బరువు, రోడ్డెక్కితే తేలిక. గాలి 20కి దిగిందనుకోండి, అరచెయ్యి కాస్తా 210 చదరపు సెంటీమీటర్లకు పరుచుకుంటుంది. రబ్బరు సొంత బిగువు వల్ల లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది గాని దిశ మారదు. స్టీరింగ్ బరువని వచ్చే బండ్లలో కొన్నింటికి కావలసిన మందు పంక్చర్ షాపులోనే దొరుకుతుంది. నా కారు ముందు టైర్లలో 22 ఉంది. గాలి కొట్టిస్తే బరువు సగం దిగింది. మూలుగు మాత్రం మిగిలింది.

ఆ 300 కిలోల రుద్దుడుకు చెయ్యి సాయం చేసే పని నూనెకు అప్పగించినవాడు ఫ్రాన్సిస్ డేవిస్ అనే అమెరికన్ ఇంజనీరు. పియర్స్-ఆరో కంపెనీలో లారీల విభాగం చూసినవాడు కనక బరువు స్టీరింగ్ అంటే ఏమిటో తెలుసు. 1926లోనే కారుకు పెట్టి నడిపి చూపించాడు. ఖర్చు ఎక్కువని కంపెనీలు వెనకాడాయి. జనం కొనుక్కునే కారులోకి అది వచ్చింది 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌తో. డేవిస్ ఆలోచనలోని అందం ఎక్కడుందంటే, నూనెను అస్తమానం ఒత్తిడిలో ఉంచడు. స్టీరింగ్ తిన్నగా ఉన్నంతసేపూ నూనె పంపు నుంచి వాల్వులోకి, వాల్వు నుంచి డబ్బాలోకి ఊరికే తిరుగుతుంటుంది. చెయ్యి తిప్పినప్పుడే వాల్వు దారి మూస్తుంది, అప్పుడే ఒత్తిడి పుడుతుంది.

చెయ్యి తిప్పిందని నూనెకు ఎలా తెలుస్తుంది? తర్వాతి కార్లలో దీనికి దొరికిన ఉపాయం నాకు మొత్తం కారులోనే ఎక్కువ ఇష్టమైన భాగం. స్టీరింగ్ రాడ్డుకూ, ర్యాక్‌ను నడిపే పళ్ల చక్రానికీ మధ్య పెన్సిలంత ఉక్కు కడ్డీ ఉంటుంది. దాన్ని టార్షన్ బార్ అంటారు. చక్రాలు మొరాయిస్తే ఈ కడ్డీ కొద్ది డిగ్రీలు మెలితిరుగుతుంది. ఆ మెలికకు దాని చుట్టూ ఉన్న వాల్వులో కన్నాలు జరిగి, నూనె ర్యాక్‌లోని పిస్టన్‌కు ఒక పక్కకు పరిగెత్తుతుంది. ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 70 కిలోలు, పిస్టన్ వైశాల్యం పది అనుకుంటే తోపు 700 కిలోలు! చక్రం తిరగ్గానే కడ్డీ మెలిక విప్పుకుంటుంది, సాయం ఆగిపోతుంది. ఎంత మొరాయిస్తే అంత సాయం. పంపు చచ్చిపోయినా కడ్డీ మెలితిరగడానికి అటూ ఇటూ హద్దు ఉంటుంది కనక స్టీరింగ్ చేతి బలంతో తిరుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు నా కాగితానికి వద్దాం. ఒక పక్కకే బరువైతే అనుమానం వాల్వు మీదికో, ర్యాక్ లోపలి సీళ్ల మీదికో పోవాలి. పంపుకు ఎడమా కుడీ తెలియవు, అది నూనె తోయడమే ఎరుగును. నాది రెండు పక్కలా ఒకటే. ఐడిల్‌లో బరువుండి రేజ్ చేస్తే తేలికయితే పంపు అరిగిందనో, బెల్టు జారుతోందనో అర్థం. బెల్టు జారితే వచ్చేది మూలుగు కాదు, కీచుమనే అరుపు. ఫుల్ లాక్ దగ్గర, అంటే స్టీరింగ్ చివరికంటా తిప్పినప్పుడు, మరీ ఎక్కువ. అనుమానముంటే దూరం నుంచి బెల్టు మీద కాసిని నీళ్లు చిలకరించండి. శబ్దం మారితే దోషం బెల్టుది. ఈ పనికి లుంగీతో, వేలాడే చున్నీతో వెళ్లకండి. ఫుల్ లాక్‌లో సన్నగా బుస్సుమనడం మాత్రం రోగం కాదు. ఒత్తిడి హద్దు దాటకుండా రిలీఫ్ వాల్వు తెరుచుకున్న చప్పుడది. అక్కడ ఐదారు సెకన్లకు మించి పట్టి ఉంచకూడదు, నూనె కాగిపోతుంది.

పొద్దున్నే ఎక్కువ అన్న మాట దగ్గర నేను కొంచెం భయపడ్డాను. 1980లలో అమెరికాలో జనరల్ మోటార్స్ కార్లు కొన్నింట్లో పొద్దున స్టార్టు చేయగానే స్టీరింగ్ మొరాయించేది, ఇంజను వేడెక్కాక తేలికయ్యేది. అక్కడి మెకానిక్కులు ఆ జబ్బుకు గర్భిణుల పొద్దుటి వికారం పేరే పెట్టారు. మన మాటలో వేవిళ్లు. వాల్వు చుట్టూ ఉండే టెఫ్లాన్ రింగులు తిరిగి తిరిగి, మెత్తని అల్యూమినియం గోడలో గాళ్లు కోసేవి. చల్లగా ఉన్నంతసేపూ ఆ గాళ్ల గుండా నూనె పక్కదారి పట్టేది. అదే నిజమైతే ఆటోనగర్ మెకానిక్ మాటే నెగ్గుతుంది, ర్యాక్ మార్చాల్సిందే. కానీ వేవిళ్లలో బరువే ప్రధానం, మూలుగు కాదు. నాది తలకిందులు.

అందుకని ముందు యంత్రభాగాల సంగతి తేల్చుకున్నాను. చదునైన చోట హ్యాండ్‌బ్రేకు వేసి, వెనక చక్రాలకు ఇటుకలు అడ్డంపెట్టి, ముందు భాగం జాకీతో లేపి స్టాండ్ల మీద నిలబెట్టాను. జాకీ ఒక్కదాన్ని నమ్మి కారు కింద చెయ్యి పెట్టేవాళ్లకు నేను చెప్పగలిగేది ఏమీ లేదు. ఇంజను ఆపి, తాళం చెవి తిప్పి స్టీరింగ్ లాక్ వదిలించి, మెల్లగా ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పాలి. గాలిలో ఉన్న చక్రాలు కూడా గట్టిగా, పట్టిపట్టి తిరిగితే దోషం నూనెది కాదు. స్టీరింగ్ రాడ్డు జాయింటో, బాల్ జాయింటో, స్ట్రట్ పైన ఉండే బేరింగో తుప్పు పట్టిందన్నమాట. నా కారులో ఒకే మెత్తదనంతో తిరిగాయి. కిందికి దించాక మా అబ్బాయి స్టీరింగ్‌ను కొద్దిగా ఇటూ అటూ ఊపుతుంటే, నేను టై రాడ్ ఎండ్ల మీద వేళ్లు పెట్టి చూశాను. కటకటలాడే ప్లే ఏమీ తగల్లేదు.

తర్వాత నూనె డబ్బా మూత తీశాను. గీతకు కాస్త కిందుగా ఉంది. పైన మాత్రం అప్పుడే దించిన కల్లు ముంత మీద ఉన్నట్టు నురగ! రాత్రి కారు కింద పాత దినపత్రిక పరిచాను. తెల్లారి చూస్తే ఒక్క చుక్క లేదు.

నూనె బయటికి పోవడం లేదు, నురగ మాత్రం కడుతోంది. నన్ను రెండు రోజులు తిప్పలు పెట్టింది ఇదే. కారడమంటే బయటికి రావడమేనని మన మనసులో పడిపోయింది. పంపుకు రెండు పైపులుంటాయి. ర్యాక్‌కు వెళ్లే పైపులో వందల పీఎస్‌ఐల ఒత్తిడి. అది చిల్లిపడితే నూనె చిమ్ముతుంది, ఇంజను నడుస్తుండగా దాని దగ్గర చెయ్యి పెడితే చర్మంలోకి దూరేంత వేగంతో చిమ్ముతుంది. డబ్బా నుంచి పంపుకు వచ్చే పైపు సంగతి వేరు. పంపు నూనెను లాగుతోంది కనక ఆ పైపులో ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువ. అక్కడ క్లిప్పు వదులైతే నూనె బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. మనం స్ట్రాతో మజ్జిగ తాగుతుంటే స్ట్రాకు పగులున్నా మజ్జిగ కారదు, నోట్లోకి గాలి వస్తుంది. ఇదీ అదే.

పొద్దున్నే ఎందుకు ఎక్కువో కూడా దీంతో తెలిసిపోయింది. చల్లని నూనె చిక్కన. చిక్కని నూనెను లాగడానికి పంపు ఎక్కువ బలంగా పీల్చాలి, అంత ఎక్కువ గాలి చొరబడుతుంది. ఆ బుడగలు పంపులో రెక్కల మధ్య నలిగేటప్పుడు వచ్చే చప్పుడే ముసలి గేదె మూలుగు. గాలి నలుగుతుంది, నూనె నలగదు. అందుకే తోపు కూడా మెత్తబడుతుంది. గాలి లేకుండా, నూనె ఆవిరి బుడగలే పుట్టి పగలడం ఇంకో జబ్బు. ఓడల ప్రొపెల్లర్లను గుంటలు పడేలా కొరికేసేది నీళ్లలో పుట్టే ఇలాంటి బుడగలే. ఒక్క బుడగ కుప్పకూలినప్పుడు ఎంత ఒత్తిడి పుడుతుందో భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1917లో లెక్కగట్టాడు. డబ్బా అడుగున జల్లెడ మూసుకుపోయినా పంపులో ఈ ఆవిరి బుడగల జబ్బు రావొచ్చు కనక జల్లెడ కూడా కడగడం మంచిది.

రుజువు కోసం ఇంజను ఆపి, ఆ పైపు జాయింటు చుట్టూ దట్టంగా గ్రీజు పూసి స్టార్టు చేశాను. మూలుగు తగ్గింది. పది నిమిషాలకు పంపు గ్రీజును కూడా పీల్చేసుకుని మళ్లీ మొదలుపెట్టింది. నాకు ఆ పది నిమిషాలు చాలు. పైపు రబ్బరు ఎండి కర్రలా అయింది, క్లిప్పు ఎంత బిగించినా కరవడం లేదు. నూనెకు తట్టుకునే కొత్త పైపు, రెండు స్క్రూ క్లిప్పులు వేశాను. నీళ్ల పైపు ముక్క వేస్తే నెలలో ఉబ్బిపోతుంది. నూనె విషయంలో కారు పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే పోయాలి. బ్రేక్ ఆయిల్ పొరపాటున కూడా వద్దు, సీళ్లన్నీ పాడవుతాయి. కారడం ఆపుతాయని అమ్మే సీసాలు రబ్బరును ఉబ్బించి నాలుగు రోజులు పరువు కాపాడతాయి, అంతే.

గాలి తీయడానికి మళ్లీ ముందు చక్రాలు లేపి, ఇంజను ఆపి ఉంచే స్టీరింగ్‌ను ఆ చివరికీ ఈ చివరికీ ఇరవైసార్లు మెల్లగా తిప్పాలి, డబ్బా ఖాళీ కాకుండా పోస్తుండాలి. ఇంజను నడిపితే బుడగలు చిన్నవై నూనెలో కలిసిపోతాయి, ఇక తేలవు. అప్పటికీ నురగ ఉంటే రాత్రంతా వదిలేయడమే.

ఈ గొడవంతా ఇన్నోవా, ఇండికా, స్కార్పియోల పాత తరాల్లో ఉండే నూనె స్టీరింగ్‌కే. స్విఫ్ట్, ఐ10 లాంటి వాటిలో నూనె లేదు, పంపు లేదు, కరెంటు మోటారుంది. జపాన్‌లో 1988లో సుజుకి సెర్వోతో మొదలైన పద్ధతి అది. అక్కడ ముందు చూడాల్సినవి డ్యాష్‌బోర్డు మీద స్టీరింగ్ దీపం, బ్యాటరీ, ఫ్యూజు. ఇంజను ఆపి ఉండగా బ్యాటరీ 12.6 వోల్టుల దరిదాపుల్లో, నడుస్తుండగా 14 దగ్గర లేకపోతే మోటారును తిట్టి లాభం లేదు. ఇరుకు సందులో పదిసార్లు ముందుకూ వెనక్కూ తిప్పాక బరువెక్కి, కాసేపాగితే తేలికయితే అది వేడెక్కి తనను తాను కాపాడుకుంటోందన్నమాట.

ఊరెళ్లేటప్పుడు సామాను తూచే కొక్కెం కాటా మా ఇంట్లో ఒకటుంది. స్టీరింగ్ అంచుకు దారం కట్టి, దానికి కొక్కెం తగిలించి, ఐడిల్‌లో, అదే గచ్చు మీద లాగి చూశాను. పైపు మార్చక ముందు ఆరు కిలోలు, మార్చాక నాలుగు. ఎడమకూ కుడికీ తేడా లేదు. ఇంకో కారుకు ఈ అంకె పనికిరాదు గాని, మన కారును నెలనెలా దానితోనే పోల్చుకోవచ్చు.

సెల్లార్‌లో ఇప్పుడు మూలుగు లేదు. మొన్న సరదాకి కారు కింద వంగి, ర్యాక్ రెండు చివర్లా ఉండే రబ్బరు బూట్లు నొక్కి చూశాను. కుడిది బోలుగా, పొడిగా ఉంది. ఎడమది నొక్కితే లోపల ఏదో తడి జరిగినట్టయింది. బూటులో నూనె ఉందంటే ర్యాక్ సీలు వదులుతోందని. మెకానిక్‌కు ఆదివారం తెస్తానని మాటిచ్చి మూడు నెలలైంది.